"నాలుగు రోజులు ఉంటానన్నా..." - ఆస్ట్రేలియాలో మొదటి మకాం

ప్రతి ఏడాదీ సంక్రాంతి వెళ్ళీ వెళ్ళగానే ఒకసారి, మళ్ళీ జూన్‌లో ఒకసారి నా ఫోన్‌కి ఇలాంటి మెసేజ్‌లు రావడం మొదలవుతుంది. "అన్నయ్యా నమస్తే. నేను ఫలానా వాళ్ళ తమ్ముడిని. వచ్చే నెల మెల్‌బోర్న్ వస్తున్నాను, మాస్టర్స్ చేయడానికి. రూమ్ దొరికేదాకా కొన్ని రోజులు మీ దగ్గర ఉండొచ్చా?"

ఇక్కడ పదేళ్ళుగా ఉంటున్న తెలుగువాళ్ళలో ఈ మెసేజ్ అందుకోనివాళ్ళు అరుదు. పంపకుండా వచ్చినవాళ్ళు ఇంకా అరుదు. నేనూ పంపాను. అందుకే ఈ "కొన్ని రోజులు" అనే మాట చూసినప్పుడల్లా ఒకపక్క నవ్వొస్తుంది, ఇంకోపక్క గుండెలో ఎక్కడో కలుక్కుమంటుంది. ఎందుకో చెప్తాను. మీ పిల్లలో, బంధువుల పిల్లలో ఈ ఏడాది ఇటు బయల్దేరుతుంటే వాళ్ళకి పనికొస్తుందేమో.

నా ప్రవాసం నిజానికి మెల్‌బోర్న్‌లో మొదలవలేదు, హైదరాబాద్‌లోనే మొదలైంది. బి.టెక్ తర్వాత ఏడాదిన్నర ఉద్యోగం చేసి, మాస్టర్స్‌కి సీటు వచ్చాక రాజీనామా ఇచ్చాను. కూకట్‌పల్లిలో రూమ్ ఖాళీ చేశాను. వీసా మాత్రం రాలేదు! ఒంగోలు వెళ్ళిపోతే మళ్ళీ మెడికల్ అనీ, బ్యాంకు అనీ తిరగాలి. దాంతో రెండు నెలలు ఎస్సార్ నగర్‌లో ఒకడి రూమ్‌లో వారం, కె.పి.హెచ్.బి.లో ఇంకొకడి దగ్గర మూడు వారాలు, మళ్ళీ మొదటివాడి దగ్గర... ఇలా గడిచింది. ఒక బ్యాగు, ఒక దుప్పటి, ఒక ఫోన్ చార్జరు. ఎక్కడ చోటుంటే అక్కడ పడక.

అక్కడ వచ్చిన ఇబ్బంది ఒక్కటే. కింద వాటాలో ఉండే ఓనర్ అంకుల్ ఒకరోజు మెట్ల దగ్గర ఆపి "పైన ఎంతమంది ఉంటున్నారు బాబూ? మోటారు రోజుకి రెండుసార్లు వేయాల్సొస్తోంది" అన్నాడు. మావాడు నెలకి 300 రూపాయలు ఎక్కువిస్తానన్నాడు. అయిపోయింది. కాగితం లేదు, సంతకం లేదు. రూమ్ అంటే ఇదే, స్నేహితుడి దగ్గర ఉండడమంటే ఇదే అనుకుని 2013 ఫిబ్రవరిలో విమానం ఎక్కాను.

మెల్‌బోర్న్‌లో నాకు తెలిసినవాడు ఒక్కడే, కాలేజీలో నాకు రెండేళ్ళ సీనియర్. క్లేటన్‌లో రెండు బెడ్‌రూమ్‌ల యూనిట్‌లో నలుగురు ఉండేవాళ్ళు. నలుగురి పేర్లూ లీజులో ఉన్నాయి. ఐదోవాణ్ణి నేను. "నాలుగు రోజులు ఉంటానన్నా, రూమ్ చూసుకుని వెళ్ళిపోతా" అని ముందే చెప్పాను. "రారా, ముందు దిగు, తర్వాత చూద్దాం" అన్నాడు. ఎయిర్‌పోర్టుకి వచ్చాడు, పప్పుచారు పెట్టాడు, హాల్లో సోఫా వెనక పరుపు వేశాడు. ఆ పరుపు మీద నేను పడుకున్నది నాలుగు రాత్రులు కాదు. ముప్ఫై ఎనిమిది!

సోమరితనం కాదు. మొదటి వారం బ్యాంకు, యూనివర్సిటీ, సిమ్ కార్డు. రెండో వారం రూమ్‌లు చూశాను. ఒకటి దూరం, ఒకటి ఖరీదు. డాలరు అప్పుడు 55 రూపాయల చిల్లర. వారానికి 130 డాలర్లంటే మనసులో గుణించుకుని గుండె ఆగేది. మూడో వారం క్లాసులు మొదలయ్యాయి, ఆ తర్వాత అసైన్‌మెంట్లు. ఎవరూ పొమ్మనలేదు. పొమ్మనకపోతే ఉండొచ్చనే నేను అర్థం చేసుకున్నాను.

ఐదో వారంలో ఇంటి ఏజెన్సీ నుంచి ఇన్‌స్పెక్షన్ నోటీసు వచ్చింది. ఆ ముందురోజు రాత్రి నా సూట్‌కేసులు రెండూ ఇంకొకరి గరాజ్‌కి చేరాయి. పరుపు కారు డిక్కీలోకి వెళ్ళింది. నన్ను సాయంత్రందాకా లైబ్రరీలో కూర్చోమన్నారు. అప్పుడది నాకు సినిమా కామెడీలా అనిపించింది, ఇంటికి ఫోన్ చేసి నవ్వుతూ చెప్పాను కూడా. అమ్మ మాత్రం నవ్వలేదు. "వాళ్ళకేం మాట రాకుండా చూసుకో నాన్నా" అంది.

మాట వచ్చింది. బాత్‌రూమ్‌లో అయిదు టూత్‌బ్రష్‌లున్నాయో, గుమ్మం దగ్గర చెప్పులే ఎక్కువున్నాయో... లీజులో ఉన్నవారికన్నా ఎక్కువమంది ఉంటున్నట్టు కనిపిస్తోంది, సరిచేయండి అని ఉత్తరం వచ్చింది. నాకు ఎవరూ చెప్పలేదు. ఆ వారమే వేరే చోట రూమ్ దొరికి నేను వెళ్ళిపోయాను. జూన్‌లో వాళ్ళ లీజు అయిపోతే ఓనరు పొడిగించలేదు. కొత్త ఇంటికి దరఖాస్తు పెట్టుకుంటే పాత ఏజెంటుకి ఫోన్ చేసి కనుక్కోవడం ఇక్కడ మామూలు పద్ధతి. ఆ ఫోన్‌లో ఏం చెప్పారో గానీ, మావాడికి తర్వాతి ఇల్లు దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు అతను ఎక్కడెక్కడ ఎవరెవరి హాల్లో పడుకున్నాడో నాకు ఏడాది తర్వాత, వాళ్ళ రూమ్మేట్ చెబితే తెలిసింది.

అసలు విషయం ఇదే. ఇక్కడ స్నేహితుడి ఇంట్లో మనం వాడుకునేది అతని హాలు ఒక్కటే కాదు, అతని పేరు కూడా.

చట్టం ఏమంటుంది?

నేను ఉంటున్న విక్టోరియా రాష్ట్రం సంగతి చెప్తాను, మిగతా రాష్ట్రాల్లో వివరాలు కొంచెం తేడాగా ఉంటాయి. ఇక్కడ 1997 నాటి రెసిడెన్షియల్ టెనెన్సీస్ చట్టం నడుస్తోంది. 2021 మార్చి 29 నుంచి దానికి పెద్ద సవరణలు అమల్లోకి వచ్చాయి. అద్దెకున్నవాళ్ళు ఇంటిని గానీ, అందులో భాగాన్ని గానీ వేరొకరికి అద్దెకివ్వాలంటే ఓనరు రాతపూర్వక అనుమతి కావాలి. సరైన కారణం లేకుండా ఓనరు కాదనకూడదు, కానీ అడగడం తప్పనిసరి. అడగకుండా ఇస్తే 14 రోజుల గడువుతో ఖాళీ చేయమని నోటీసు ఇవ్వొచ్చు.

మరి చుట్టపుచూపుగా వచ్చినవాడి సంగతి? రెండు వారాల దాకా ఫరవాలేదు, ఆ తర్వాత నేరం అని మనవాళ్ళలో ఒక మాట తిరుగుతుంటుంది. అద్దెకున్నవాళ్ళ ఇంటికి చుట్టాలు రావడం తప్పేమీ కాదు. గొడవంతా చుట్టం ఎప్పుడు చుట్టంగా ఉండడం మానేస్తాడన్న దగ్గర వస్తుంది. సామానంతా అక్కడే ఉండి, ఉత్తరాలు అక్కడికే వస్తూ, వారం వారం డబ్బు ఇస్తూ ఉంటే ఓనరు కళ్ళకి అది చుట్టరికంలా కనబడదు. అందుకే ఒక చిన్న తేడా గుర్తుంచుకోవాలి. కూరగాయలు, కరెంటు బిల్లు పంచుకోవడం వేరు, పరుపుకి వారానికింత అని అద్దె వసూలు చేయడం వేరు. రెండోది చేసే మన స్నేహితులు కొందరు తమకి తెలియకుండానే సబ్‌లెట్ చేస్తున్నారు.

ఇంకొంచెం ముందుకెళ్తే, ఒకే ఇంట్లో గదులు విడివిడిగా నలుగురికో అంతకన్నా ఎక్కువమందికో అద్దెకిచ్చి నడిపితే అది రూమింగ్ హౌస్ కిందికి వస్తుంది. దానికి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి, నడిపేవాడికి లైసెన్సు ఉండాలి (2016లో వచ్చిన చట్టం ఇది). ఇదేదో ప్రభుత్వ చాదస్తం అనుకోకండి. 2008 జనవరిలో ఫుట్‌స్క్రేలో ఒక ఇల్లు తగలబడి ముగ్గురు భారతీయ విద్యార్థులు చనిపోయారు. ఎవరింట్లో పరుపు వేసుకున్నా మొదటి రాత్రే స్మోక్ అలారం బటన్ నొక్కి చూడండి. బయటికి వెళ్ళే దారికి సూట్‌కేసులు అడ్డం పెట్టకండి.

మరి ఇండియా నుంచే ఇల్లు చూసుకుని రావచ్చు కదా!

మా మామయ్య అడిగే ప్రశ్న ఇది. రాలేము, దానికి కారణం ఉంది. ఇక్కడ ఏజెన్సీ ద్వారా ఇల్లు దొరకాలంటే ముందు ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళాలి. ఏ శనివారమో పావుగంట తలుపు తెరుస్తారు, పదిమందితో పాటు మనమూ చూసి రావాలి. తర్వాత దరఖాస్తు. అందులో పాస్‌పోర్టు, బ్యాంకు స్టేట్‌మెంటు, జీతం కాగితాలు, ఇంతకుముందు ఎక్కడ అద్దెకున్నారో ఆ వివరాలు అడుగుతారు. కొత్తగా దిగినవాడికి జీతం కాగితం లేదు, అద్దె చరిత్ర లేదు. ఎస్సార్ నగర్ ఓనర్ అంకుల్ ఫోన్ నంబరు ఇస్తే వాళ్ళు ఏం చేసుకుంటారు? అంచేత కొత్తవాళ్ళు నలుగురు కలిసి సొంతంగా ఇల్లు తీసుకోవాలంటే నెల పట్టినా ఆశ్చర్యం లేదు. అప్పటికే ఉన్న ఇంట్లో ఖాళీ అయిన ఒక గదిలోకి వెళ్ళడం మాత్రం వారం రోజుల పని. మొదటి ఆరు నెలలకి రెండో దారే మంచిదని నా అభిప్రాయం.

డబ్బు లెక్క కూడా చూడండి. వారానికి 550 డాలర్ల యూనిట్ అనుకుందాం. నెలకి దాదాపు 2,383 అవుతుంది. విక్టోరియాలో వారం అద్దె 900 లోపు ఉంటే బాండ్ ఒక నెల అద్దెకి మించకూడదు. బాండ్ ఒక నెల, అడ్వాన్సు అద్దె ఒక నెల కలిపితే 4,766 డాలర్లు. నలుగురు పంచుకున్నా తలా 1,190 పైమాట. ఇంకా పరుపులు, గిన్నెలు కొనలేదు.

"వీసాకి అంత డబ్బు చూపించారు కదా, ఏమైంది?" అనకండి. నిజమే, 2024 మే 10 నుంచి ఒక్క విద్యార్థికి ఏడాది జీవన ఖర్చుల కింద 29,710 డాలర్లు చూపించాలి. 2025 జూలై 1 నుంచి వీసా ఫీజే 2,000 డాలర్లు. కానీ మనలో చాలామందికి ఆ డబ్బు బ్యాంకు లోను రూపంలో ఉంటుంది. ఫీజు నేరుగా యూనివర్సిటీకి వెళ్తుంది, మిగతాది విడతలుగా వస్తుంది. కాగితం మీద లక్షాధికారి, జేబులో 1,500 డాలర్లు. స్నేహితుడి హాలు అవసరమయ్యేది ఈ సందులోనే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ముందుగా వెళ్తే ఏదో ఒక పని దొరుకుతుంది, ఖర్చు కలిసొస్తుంది అని రెండు నెలల ముందే దిగేవాళ్ళున్నారు. స్టూడెంట్ వీసా మీద కోర్సు మొదలయ్యేదాకా పని చేయకూడదు! మొదలయ్యాక కూడా క్లాసులు జరిగే రోజుల్లో పక్షానికి 48 గంటలే (2023 జూలై 1 నుంచి, నా రోజుల్లో 40 ఉండేది). అంటే రెండు నెలల ముందు వచ్చినవాడు రెండు నెలలూ ఖర్చే, అదీ ఇంకొకరి ఇంట్లో. ఓరియంటేషన్‌కి రెండు మూడు వారాల ముందు దిగితే చాలు.

ఎలా అడగాలి?

నేను ఒంగోలు పిల్లవాణ్ణి కాబట్టి ఒక మాట గుర్తొస్తుంది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచిందని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ కాలంలోనే వారాలు చేసుకుని చదువుకోవడం అని ఒక పద్ధతి ఉండేది. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. హైదరాబాద్‌లో 1918లో రెడ్డి హాస్టల్ పెట్టిందీ ఊళ్ళ నుంచి చదువుకి వచ్చే పిల్లలకి తల దాచుకునే చోటు లేకే. మనవాళ్ళు పరాయి పంచన చదువుకోవడం కొత్త కాదు, చిన్నతనమూ కాదు. కానీ వారాలబ్బాయికి ఏ రోజు ఎవరింటికి వెళ్ళాలో తెలుసు, ఆ ఇంటివాళ్ళకీ తెలుసు. నా "నాలుగు రోజుల"కి లేనిది అదే.

కాబట్టి అడిగేటప్పుడు తేదీలతో అడగండి. "ఫిబ్రవరి 7 ఉదయం దిగుతాను, 21 పొద్దున వెళ్ళిపోతాను, ఈలోపు రూమ్ దొరక్కపోతే హాస్టల్‌కి మారతాను, అందుకు 600 డాలర్లు పక్కన పెట్టుకున్నాను" అని చెప్పి చూడండి. అవతలివాడికి సరే అనడం తేలిక, కుదరదు అనడమూ తేలికే. మీ లీజులో ఎంతమంది అని ఉంది, ఓనరుకి ఒక మెయిల్ పెడతారా, ఈలోపు ఇన్‌స్పెక్షన్ ఏమైనా ఉందా అని కూడా అడగండి. ఇలా అడగడం మనకి మొహమాటంగా ఉంటుంది, తెలుసు. కానీ అడిగిన పిల్లవాణ్ణి చూస్తే నాకైతే ముచ్చటేస్తుంది.

హోస్టులకి కూడా ఒక మాట. అద్దెకుంటే ఏజెంటుకి రెండు వాక్యాల మెయిల్ పెట్టేయండి, "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా మా బంధువు ఉంటాడు" అని. పరుపులు దాచే బాధ తప్పుతుంది. ఇప్పటి చట్టం ప్రకారం మామూలు ఇన్‌స్పెక్షన్ మొదటి మూడు నెలల్లో చేయకూడదు, తర్వాత ఆరు నెలలకి ఒకసారే, అదీ ఏడు రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పి. భయపడాల్సినంత లేదు.

ఇంకొకటి, చిరునామా. స్టూడెంట్ వీసా షరతుల్లో దిగిన 7 రోజుల్లోపు మీ చిరునామా యూనివర్సిటీకి తెలపాలని ఉంది, మారితే మళ్ళీ 7 రోజుల్లోపు చెప్పాలి. బ్యాంకు కార్డు పోస్టులో వస్తుంది. టాక్స్ ఫైల్ నంబర్ ఉత్తరం పోస్టులో వస్తుంది, దానికి 28 రోజుల దాకా పట్టొచ్చు. అంటే 14 రోజులు ఉండి వెళ్ళినవాడి ఉత్తరాలు ఆ తర్వాత కూడా అదే ఇంటి డబ్బాలో పడతాయి. వెళ్ళేటప్పుడు ఈ సంగతి చెప్పి వెళ్ళండి, వెళ్ళిన చోట వెంటనే చిరునామా మార్చుకోండి. నా టాక్స్ ఫైల్ నంబర్ ఉత్తరం మా సీనియర్ ఇంట్లో మూడు వారాలు పడి ఉంది. జీతం ఇచ్చేవాళ్ళకి ఆ నంబరు చెప్పలేక మొదటి రెండు జీతాల్లో పన్ను ఎక్కువ కోయించుకున్నాను.

ఎవరూ తెలియకపోతే? చాలా యూనివర్సిటీలు కొత్త విద్యార్థుల్ని ఎయిర్‌పోర్టు నుంచి ఉచితంగా తీసుకెళ్తాయి, ముందుగా బుక్ చేసుకోవాలి. మొదటి వారానికి యూత్ హాస్టళ్ళున్నాయి, హోమ్‌స్టేలున్నాయి. స్నేహితుడి హాలుతో పోలిస్తే ఖరీదే. అయితే దూరం కూడా ఖర్చే. మెల్‌బోర్న్‌లో మన కుటుంబాలు ఎక్కువగా టార్నీట్, పాయింట్ కుక్ లాంటి పడమటి శివార్లలో ఉంటున్నాయి. మోనాష్ ఉన్న క్లేటన్ ఊరికి తూర్పున. బాబాయి వాళ్ళిల్లు ఉంది కదా అని టార్నీట్‌లో దిగి, రోజూ రైళ్ళు మారి నాలుగు గంటలు తిరిగి, రూమ్‌లు చూసే ఓపిక లేక అక్కడే ఉండిపోయిన పిల్లల్ని చూశాను. యూనివర్సిటీ బుండూరాలో ఉందా, బర్వుడ్‌లో ఉందా చూసుకుని, ఆ పక్కన ఎవరున్నారో వెతకండి.

ఇండియాలో ఉండగానే ఎవరో ఫోటోలు పంపి, బాండ్ డబ్బు వేయండి తాళాలు పోస్టు చేస్తాం అంటే వేయకండి. ఇల్లు చూడకుండా డబ్బు లేదు, అంతే. చూసి చేరాక కూడా ఆ బాండ్ డబ్బు విక్టోరియాలో ప్రభుత్వ బాండ్ అథారిటీ దగ్గర 10 పనిదినాల్లోపు జమ కావాలి, మీ పేరు మీద రసీదు రావాలి. "మనవాళ్ళే కదా, చేతికిచ్చేయ్" అన్నచోట కనీసం ఫోన్ మెసేజ్‌లో అయినా ఎంత ఇచ్చిందీ ఎందుకిచ్చిందీ రాయించుకోండి.

మా సీనియర్ ఇప్పుడు బ్రిస్బేన్‌లో ఉన్నాడు. 2019లో ఒక పెళ్ళిలో కలిసినప్పుడు ఆ ఉత్తరం సంగతి నేనే ఎత్తాను. "అప్పుడే ఎందుకు చెప్పలేదన్నా?" అంటే "చెబితే ఎక్కడికెళ్తావురా అప్పుడు?" అన్నాడు. తర్వాత కాసేపాగి, "నువ్వు ఒక్కసారైనా ఎప్పుడెళ్తావో చెప్పి ఉంటే బాగుండేది. నేనే అడగలేకపోయాను" అన్నాడు. కాఫీ తాగి వేరే మాటల్లో పడ్డాం.

ఈసారి సెమిస్టర్‌కి మా ఇంటికి ఒక అబ్బాయి వస్తున్నాడు, మా ఆవిడ వాళ్ళ ఊరివాడు. మా ఇల్లు టార్నీట్‌లో, అతని కాలేజీ క్లేటన్‌లో. ఆ దూరం సంగతి ముందే చెప్పాను. 14 రాత్రులు అనుకున్నాం. రెండు శనివారాలు నేనే కార్లో తీసుకెళ్ళి రూమ్‌లు చూపిస్తాను. అతను వెళ్ళిపోయాక వచ్చే ఉత్తరాల కవర్లు ఫోటో తీసి పంపుతాను, వచ్చి పట్టుకెళ్తాడు. మా అమ్మాయి తన గదిలో బొమ్మలన్నీ ఇప్పటికే మా గదిలోకి చేరవేసింది, తలుపు మీద అతను వెళ్ళే తేదీ కూడా స్కెచ్ పెన్నుతో రాసి అంటించింది. అది మాత్రం అతను రాకముందే తీసేయాలి.